డెంటిస్ట్ పట్టా చేతికొచ్చింది, మొదటి రెండేళ్ళు ఎక్కడ పని చేయాలి?

నేను మొదటి ఉద్యోగంలో చేరిన మూడో వారంలో ఒకావిడ మళ్ళీ వచ్చారు. మొదటి వారంలో ఆవిడకి కింది మోలార్‌లో, అంటే వెనకటి నమిలే పంటిలో, రెండు పళ్ళ మధ్య పుచ్చుకి నేనే పంటి రంగు కాంపోజిట్ ఫిల్లింగ్ పెట్టాను, పెట్టిన రోజు అద్దంలో అటూ ఇటూ తిప్పి చూసుకుని చాలా బాగా వచ్చిందనుకున్నా. "నొప్పేం లేదు డాక్టర్ గారూ, కానీ ఏం తిన్నా ఇక్కడే ఇరుక్కుంటోంది" అని నాలుకతో ఆ చోటు తడుముకుంటూ చెప్పారు. ఫ్లాస్ వేసి చూస్తే ఎక్కడా పట్టుకోకుండా జారిపోయింది, అంటే పక్క పంటికి ఫిల్లింగ్ అసలు తగలట్లేదు. పక్క గదిలో ఉన్న సీనియర్ సర్‌ని పిలిచా. ఆయన ఒక్కసారి చూసి "స్ట్రెయిట్ బ్యాండ్ వేశావా? వెడ్జ్ గట్టిగా కూర్చుందా? బ్యాండ్‌ని పక్క పంటికేసి నొక్కావా?" అని మూడు ప్రశ్నలు అడిగారు. బ్యాండ్ అంటే ఫిల్లింగ్ పెట్టేటప్పుడు పంటికి గోడలా వేసే పలచని పట్టీ, వెడ్జ్ అంటే దాన్ని పళ్ళ మధ్య బిగించే చిన్న చీల. మూడింటికీ నా దగ్గర సరైన జవాబు లేదు. ఆ రోజే పాత ఫిల్లింగ్ తీసేసి, సెక్షనల్ మ్యాట్రిక్స్ అనే వంపు తిరిగిన చిన్న బ్యాండ్, దాన్ని పట్టుకునే రింగు పెట్టి నా చేతే మళ్ళీ కట్టించారు, ఆవిడ దగ్గర డబ్బు తీసుకోలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, కొత్తగా పాసైన వాళ్ళు నన్ను "ఎక్కడ చేరాలి" అని అడిగినప్పుడల్లా జీతం ఎంత, ఊరు ఏది, చైర్లు ఎన్ని అన్న దగ్గరే ఆగిపోతున్నారు. అవి చూడాలి, కాదనను, అప్పులు తీర్చాల్సిన వాళ్ళుంటారు, ఇంటి బాధ్యతలుంటాయి. కానీ ఏ చోటు గురించైనా నేను ముందు అడిగేవి రెండే. ఒకటి, నేను మధ్యలో చిక్కుకుపోతే పక్క గదిలో ఎవరున్నారు. రెండు, నేను చేసిన పని ఆర్నెల్లకో ఏడాదికో తిరిగి నా కళ్ళ ముందుకే వస్తుందా. ఆ ఆవిడ వేరే డాక్టర్ దగ్గరికి వెళ్ళిపోయుంటే నేను ఇంకో ఏడాది అలాంటి ఫిల్లింగులే పెట్టుకుంటూ పోయేవాణ్ణి, అదీ బాగా చేస్తున్నాననుకుంటూ. కాబట్టి ఈ పోలిక మొత్తం ఆ రెండు ప్రశ్నల మీదే రాస్తున్నా.

ముందు అందరికీ తెలిసిన దారి, ఒక సీనియర్ సొంత క్లినిక్‌లో అసోసియేట్‌గా చేరడం. రెండు ప్రశ్నలకీ మంచి జవాబు దొరికే అవకాశం ఎక్కువగా ఇక్కడే ఉంది, అయితే అది ఆ సీనియర్ ఎలాంటి మనిషి అన్నదాని మీద పూర్తిగా ఆధారపడి ఉంటుంది. పేషెంట్లు ఏళ్ళ తరబడి అదే క్లినిక్‌కి వస్తారు కాబట్టి మీరు పెట్టిన క్రౌన్ (పంటి మీద తొడిగే తొడుగు) చుట్టూ చిగురు ఎర్రబడిందా, మీరు చేసిన రూట్ కెనాల్ కింద ఎక్స్‌రేలో నల్లగా ఉన్న చోట ఎముక మళ్ళీ నిండుతోందా, ఇవన్నీ మీరే చూస్తారు. అలా ఎముక నిండడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది పైనే, అందుకే మూడు నెలలకో క్లినిక్ మారేవాళ్ళకి తమ రూట్ కెనాల్ నిజంగా పనిచేసిందో లేదో ఎప్పటికీ తెలీదు. ఇంకో సంగతి, కొంతమంది సీనియర్లు అసోసియేట్‌ని పెట్టుకునేది తాము లేని టైమ్‌లో క్లినిక్ మూతపడకుండా ఉండడానికి. మీరు పొద్దున, ఆయన సాయంత్రం. అప్పుడు పక్క గదిలో ఎవరూ లేనట్టే. చేరేముందే "సర్, మనిద్దరం ఒకే టైమ్‌లో వారంలో ఎన్ని గంటలు ఉంటాం" అని అడగండి, అడగడానికి మొహమాటం పడకండి. ఇంకా కొన్నిచోట్ల కొత్తవాళ్ళకి స్కేలింగులు, ఫిల్లింగులు మాత్రమే ఇచ్చి రూట్ కెనాల్, క్రౌన్ అన్నీ సీనియరే చేసుకుంటారు, మొదటి రెండు మూడు నెలలు అలా ఉంటే తప్పులేదు, నిజానికి అదే మంచిది, కానీ ఎనిమిదో నెలలో కూడా అదే పరిస్థితి అయితే ఆ క్లినిక్‌లో మీ చేయి ఎదగదు.

రెండోది పెద్ద చైన్ క్లినిక్‌లు. వీటిని చూడగానే చాలామంది సీనియర్లు మొహం చిట్లిస్తారు, నేను అంత గట్టిగా అనను. జీతం నెల తిరిగేసరికి వస్తుంది, సామాను కొరత ఉండదు, స్టెరిలైజేషన్‌కి రాతపూర్వకమైన పద్ధతి ఉంటుంది, చాలాచోట్ల నోట్లో పెట్టి పళ్ళ త్రీడీ బొమ్మ తీసే ఇంట్రా ఓరల్ స్కానర్ ఉంటుంది. ఈ స్కానర్ గురించి ఒక మాట. క్రౌన్ కోసం పన్ను చెక్కాక నోట్లో చూస్తే మార్జిన్, అంటే క్రౌన్ అంచు కూర్చునే గీత, నున్నగానే అనిపిస్తుంది, అదే స్కాన్ తీసి స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే ఒకచోట మెట్టు, ఒకచోట పెదవిలా పైకి లేచిన అంచు, ఇంకోచోట చిగురు అడ్డొచ్చి అసలు మార్జినే లేదు. అది ఎవరూ తిట్టకుండానే నేర్పే గురువు, నేను వేరేచోట కొన్నాళ్ళు స్కానర్‌తో పనిచేసినప్పుడు నా ప్రిపరేషన్ మారిన తీరు నాకే తెలిసింది. మరి ఇబ్బంది ఎక్కడంటే టార్గెట్ల దగ్గర, బ్రాంచీల దగ్గర. నెలకి ఇన్ని క్రౌన్లు, ఇన్ని అలైనర్లు (వంకర పళ్ళు సరిచేసే పారదర్శకమైన ట్రేలు) అని మీ పేరు పక్కన ఒక అంకె పెడితే, చిన్న పుచ్చుని చూసే మీ కన్ను నెమ్మదిగా మారిపోతుంది, ఆగి గమనించాల్సిన మచ్చ కూడా డ్రిల్ చేయాల్సిన పుచ్చులా కనపడడం మొదలవుతుంది. కొత్తలో ఆ కన్ను పాడైతే బాగుచేసుకోవడం చాలా కష్టం. ఇక సోమవారం ఒక బ్రాంచి, బుధవారం ఇంకో బ్రాంచి అని తిప్పితే మీరు మొదలుపెట్టిన రూట్ కెనాల్‌ని ఇంకొకరు పూర్తి చేస్తారు, ఇంకొకరి క్రౌన్ మీరు అతికిస్తారు, ఏది ఎవరి తప్పో ఎవరికీ తెలీదు. చైన్‌లో చేరాలనుకుంటే ఒకే బ్రాంచి రాయించుకోండి, టార్గెట్ అన్న మాట కాగితంలో ఎక్కడుందో వెతకండి, ఆ బ్రాంచిలో రోజూ ఉండే అనుభవం ఉన్న డాక్టర్ ఎవరో పేరు అడిగి తెలుసుకోండి.

మూడోది ప్రభుత్వ ఆసుపత్రి, లేదా సేవాసంస్థలు నడిపే పెద్ద క్లినిక్. ఇక్కడ దొరికేంత పని ఇంకెక్కడా దొరకదు. చదువుకునేటప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టుకుని చేసిన ఎక్స్‌ట్రాక్షన్లు ఇక్కడ కొన్ని రోజుల్లోనే దాటేస్తారు. దవడ వాచి నోరు తెరవలేనివాళ్ళు, నాలుక కింద వాపు గట్టిపడి రెండు వైపులా మెడ దాకా దిగినవాళ్ళు, అంటే పుస్తకంలో లుడ్విగ్స్ ఆంజైనా అని చదువుకున్నదే, అది కళ్ళారా చూస్తారు, ఊపిరికి అడ్డం రాకముందే ఆ పేషెంటుని ఎవరికి ఎంత తొందరగా పంపాలో తెలుస్తుంది. పడిపోయి పన్ను ఊడిన పిల్లాణ్ణి తీసుకుని తల్లి పరిగెత్తుకొస్తుంది, ఆ పన్ను పాలల్లో వేసి తెచ్చిందా, గుడ్డలో చుట్టి గంట తర్వాత తెచ్చిందా అన్నదాని మీద వేరు పైన పొర బతికుందో లేదో తేలుతుంది, పొడిగా ఉన్న టైమ్ 60 నిమిషాలు దాటితే ఆశ బాగా తగ్గిపోతుంది, ఇది పరీక్షలో రాయడం వేరు, ఆ తల్లికి చెప్పడం వేరు. మత్తు ఇంజెక్షన్ లెక్క కూడా ఇక్కడే ఒంటబడుతుంది. 2 శాతం లిడోకైన్ 1.8 మి.లీ. కార్ట్రిడ్జ్‌లో 36 మి.గ్రా. మందు ఉంటుంది, కిలోకి 4.4 మి.గ్రా. దాటకూడదన్న లెక్కతో 20 కిలోల పిల్లాడికి 88 మి.గ్రా., అంటే రెండున్నర కార్ట్రిడ్జ్‌లు కూడా కాదు. బయట క్యూ ఉన్నప్పుడు ఈ లెక్క వేసుకోవాలన్న ఆలోచనే రాదు, అందుకే బరువు ముందు చీటీలో రాసుకునే అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోండి.

దీని లోపం ఏంటంటే మన రెండో ప్రశ్న. పీకిన పన్ను తిరిగి రాదు, పేషెంటూ తిరిగి రాడు. పుండు మానిందా, తర్వాత ఆ ఖాళీలో ఏం పెట్టించుకున్నాడు, ఏమీ తెలీదు. మిగల్చగలిగిన పన్ను కూడా టైమ్ లేకో, సామాను లేకో పీకాల్సొస్తుంది, అది మనసుని కొంచెం మొద్దుబారుస్తుంది, నేను కొన్ని నెలలు వారానికి రెండు రోజులు అలాంటిచోట చేశాను కాబట్టి చెప్తున్నా. ఒక రోజు పై మోలార్ పీకుతుంటే వేరు కటుక్కున విరిగింది, బయట ఇంకా చాలామంది ఉన్నారు, చెమటలు పట్టి ఎలివేటర్ అనే వేరు కదిలించే పనిముట్టుతో గుచ్చబోతుంటే అక్కడి మేడమ్ వచ్చి నా మణికట్టు పట్టుకుని ఆపారు. "ముందు చేతిలోది కింద పెట్టు. గాజ్ గుడ్డ పెట్టి రెండు నిమిషాలు నొక్కు. లైట్ తిప్పు. సక్షన్ పెట్టి చూడు. కనపడ్డాకే ముట్టుకో" అన్నారు. పైన సైనస్, అంటే ఎముకలో గాలి ఉండే ఖాళీ, ఉంది, కనపడకుండా కెలికితే ముక్క అందులోకి వెళ్ళిపోతుంది. ఆ రెండు నిమిషాలు ఆగడం అనేది నేను ఈ రోజుకీ ప్రతి కష్టమైన పన్ను దగ్గర చేస్తాను. కాబట్టి ప్రభుత్వ ఆసుపత్రిలో చేరితే అలాంటి మేడమ్ లేదా సర్ డ్యూటీలో ఉండే రోజులే మీ రోజులు అయ్యేలా చూసుకోండి.

కొన్ని దేశాల్లో పాసయ్యాక ఒక ఏడాది పర్యవేక్షణలో ట్రైనింగ్ ఉంటుంది. బ్రిటన్‌లో దాన్ని ఫౌండేషన్ ట్రైనింగ్ అంటారు, అమెరికాలో జనరల్ ప్రాక్టీస్ రెసిడెన్సీ అని ఆసుపత్రుల్లో ఉంటుంది, న్యూయార్క్ రాష్ట్రంలోనైతే లైసెన్సుకే రెసిడెన్సీ తప్పనిసరి. మీరున్నచోట అలాంటిది ఐచ్ఛికంగా దొరికితే జీతం తక్కువని వదులుకోకండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, డయాలిసిస్ మీద ఉన్నవాళ్ళు, గుండె వాల్వు మార్చుకున్నవాళ్ళు, వీళ్ళ పంటి వైద్యం ఫిజీషియన్‌తో మాట్లాడుకుంటూ చేయడం అక్కడ నేర్చుకున్నంత ధైర్యంగా బయట నేర్చుకోలేం. ఈ దారికి నా ఓటు కళ్ళు మూసుకుని వేస్తాను.

వెంటనే స్పెషలైజేషన్‌కి వెళ్ళాలా అన్నది చాలామందిని తినేసే ప్రశ్న. స్పెషాలిటీని బట్టి, దేశాన్ని బట్టి రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా పడుతుంది, అదంతా మళ్ళీ స్టూడెంట్ జీవితమే. నా అభిప్రాయం కొంచెం సూటిగా చెప్తాను, ఏ సబ్జెక్టులో మార్కులు వచ్చాయన్నది చూసి స్పెషాలిటీ ఎంచుకోకండి. కాలేజీలో ఆర్థో (వంకర పళ్ళు సరిచేసే విభాగం) నచ్చిందనుకున్నవాళ్ళు ఒక ఏడాది జనరల్‌గా చేసి, తమకి నిజంగా హాయిగా ఉండేది పిల్లల పళ్ళతోనో, చిగుళ్ళ సర్జరీతోనో అని తెలుసుకోవడం నేను చాలాసార్లు చూశాను. ఒక పరీక్ష పెట్టుకోండి, సాయంత్రం ఆరింటికి ఒళ్ళంతా అలిసిపోయాక ఆఖరి పేషెంటుగా ఏ కేసు వస్తే మీకు చిరాకు రాదో, దాని వైపు చూడండి. అయితే ఎంట్రన్స్ పుస్తకాలు చేతిలో ఉన్నప్పుడే రాయకపోతే మళ్ళీ కూర్చోలేని వాళ్ళుంటారు, తమ సంగతి తమకి తెలిసిన వాళ్ళు, ఏం కావాలో రూఢిగా తెలిసినవాళ్ళు, వాళ్ళు ఆగక్కర్లేదు. ఏం చేయాలో తోచక, ఉద్యోగం వెతుక్కోవడం ఇష్టం లేక సీటు కోసం చదివేవాళ్ళకే నా హెచ్చరిక.

ఇక సొంత క్లినిక్. పని తిరిగి మీ దగ్గరికే వస్తుంది, అందులో సందేహం లేదు. కానీ పక్క గదిలో ఎవరూ ఉండరు. పైగా మీరు డాక్టర్ మాత్రమే కాదు, కంప్రెసర్ ఆగిపోతే మీరే, అసిస్టెంట్ రాకపోతే మీరే, లాబ్ నుంచి క్రౌన్ రాలేదని పేషెంటుకి ఫోన్ చేసేదీ మీరే. నాకు తెలిసిన ఒక ఫ్రెండ్ పాసైన ఆర్నెల్లకే పెట్టేశాడు, చేయి మంచిది, మనిషి మంచివాడు. పై మోలార్‌కి రూట్ కెనాల్ చేశాడు, నొప్పి తగ్గలేదు, యాంటీబయాటిక్ రాశాడు, తగ్గలేదు, మందు మార్చాడు, చివరికి ఆ ఎక్స్‌రే నాకు పంపాడు. నేను మా సర్‌కి చూపిస్తే ఆయన ఇంకో కోణంలో ఎక్స్‌రే తియ్యమన్నారు, మీజియోబక్కల్ వేరులో, అంటే ముందువైపు బుగ్గ పక్కనున్న వేరులో, రెండో కెనాల్ అలాగే ఉండిపోయింది, ఎమ్‌బీటూ అంటాం కదా, అదే. అడగడానికి మనిషి ఉంటే మొదటి రోజే తేలే విషయానికి నెల పట్టింది. వాణ్ణి తప్పుపట్టట్లేదు, అప్పుడు వాడి స్థానంలో నేనున్నా అంతే చేసేవాణ్ణి. ఇంకో ప్రమాదం ఖాళీ రోజులు. అద్దె, చైర్ వాయిదా, అసిస్టెంట్ జీతం పేషెంట్లు వచ్చినా రాకపోయినా ఇవ్వాల్సిందే, ఆ ఒత్తిడి చైన్ టార్గెట్ కంటే గట్టిది, ఎందుకంటే ఆ టార్గెట్ మీ ఇంట్లోనే కూర్చుని ఉంటుంది. తప్పదు, పెట్టాల్సిందే అనుకునేవాళ్ళు కనీసం ఆర్నెల్ల ఖర్చు పక్కన పెట్టుకుని మొదలుపెట్టండి, వాడిన చైర్ కొన్నా పర్లేదు, ఆటోక్లేవ్ (పనిముట్లని ఆవిరితో శుద్ధి చేసే యంత్రం), ఎక్స్‌రే దగ్గర మాత్రం రాజీ పడొద్దు. రిటైర్ అవ్వబోతున్న డాక్టర్ నడుస్తున్న క్లినిక్ అమ్ముతానంటే, ఆయన ఏడాదిపాటు వారానికి రెండు రోజులైనా మీతో ఉండేలా మాట్లాడుకోండి. ఆ రెండు రోజులు చైర్ కంటే విలువైనవి.

డబ్బు మాటకొద్దాం, ఎందుకంటే కొత్తవాళ్ళు మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. "నలభై పర్సెంట్ ఇస్తాం" అంటే చాలా బాగుందనిపిస్తుంది, కానీ దేని మీద నలభై? ఒక క్రౌన్‌కి పేషెంటు 100 కట్టాడనుకోండి, లాబ్ బిల్లు 25. ముందు లాబ్ బిల్లు తీసేసి మిగిలిన 75 మీద నలభై ఇస్తే మీకు 30. మొత్తం 100 మీద నలభై ఇచ్చి, లాబ్ బిల్లు సగం మీ వాటాలోంచి కోస్తే 27.5. లాబ్ బిల్లంతా మీ నెత్తినే వేస్తే 15. మూడు చోట్లా నోటితో చెప్పేది నలభై అనే. అలాగే బిల్లు వేసిన దాని మీదా, లేక వసూలైన దాని మీదా అన్నది కూడా తేల్చుకోండి. ఫిల్లింగ్ ఊడితే, క్రౌన్ మళ్ళీ చేయాల్సొస్తే ఆ ఖర్చెవరిది అని తప్పకుండా అడగండి, రెండోసారి చేసిన పనికి కొత్త డాక్టర్ జేబులోంచి కోసే చోట పని బాలేదని ఎవరూ ఒప్పుకోరు, అందరూ దాచిపెడతారు, అప్పుడు నేర్చుకోవడం అనేదే ఆగిపోతుంది. మొదటి ఆర్నెల్లు మాత్రం పర్సెంటేజ్ వద్దు, తక్కువైనా సరే స్థిరమైన జీతం అడగండి. ఒక రూట్ కెనాల్‌కి రెండు గంటలు పట్టే దశలో పర్సెంటేజ్ మిమ్మల్ని తొందరపెడుతుంది, ఆ తొందరలోనే కెనాల్ లోపల తోమే సన్నటి సూది, అంటే ఫైలు, విరుగుతుంది.

పేషెంటు కేసు వేస్తే ఆదుకునే ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ ఎవరు కడతారో, మీరు మానేశాక వచ్చే కేసులకి కూడా వర్తిస్తుందో లేదో చూసుకోండి. మానేశాక ఇన్ని కిలోమీటర్ల లోపల ఇన్నేళ్ళు పనిచేయకూడదు అనే షరతు ఉంటే, సంతకం పెట్టేముందు ఆ దూరాన్ని మ్యాప్ మీద గీసి చూడండి.

చేరేముందు ఒక రోజు ఊరికే కూర్చుని చూస్తానని అడగండి, ఒప్పుకోకపోతే అదే జవాబు. ఆ రోజు రిసెప్షన్ అందం చూడకండి, స్టెరిలైజేషన్ గదిలోకి వెళ్ళండి. ఎయిరోటర్ హ్యాండ్‌పీస్‌లు, అంటే పన్ను చెక్కే డ్రిల్లులు, ప్రతి పేషెంటుకీ ఆటోక్లేవ్ అవుతున్నాయా, లేక పైపైన తుడిచి మళ్ళీ తగిలిస్తున్నారా? పౌచ్‌ల మీద ఇండికేటర్ రంగు మారిందా? 134 డిగ్రీల సైకిల్ పూర్తయ్యేదాకా ఆగుతున్నారా, మధ్యలో తలుపు తీసేస్తున్నారా? రూట్ కెనాల్‌కి రబ్బర్ డ్యామ్, అంటే ఉమ్మి తగలకుండా పంటి చుట్టూ వేసే రబ్బరు పొర, వాడుతున్నారా? రబ్బర్ డ్యామ్ 1864 నుంచీ ఉన్న వస్తువు, దానికి టైమ్ లేదనే క్లినిక్‌లో మీకు నేర్పడానికీ టైమ్ ఉండదు. అసిస్టెంట్లతో కాసేపు మాట్లాడండి, వాళ్ళు అక్కడ ఎన్నేళ్ళుగా ఉన్నారో అడగండి, మీకంటే ముందు పనిచేసిన డాక్టర్ ఎందుకు మానేశారో వీలైతే ఆ డాక్టర్‌నే అడగండి.

ఇన్ని చెప్పాక "అయితే నన్నేం చేయమంటారు" అంటే, ట్రైనింగ్ ఏడాది దొరికితే అది. దొరక్కపోతే సీనియర్ క్లినిక్‌లో నాలుగు రోజులు, ప్రభుత్వ ఆసుపత్రిలోనో సేవా క్లినిక్‌లోనో ఒకటి రెండు రోజులు కలిపి చేసుకోవడం నాకు అన్నిటికంటే నచ్చిన దారి, ఒకచోట చేయి తిరుగుతుంది, ఇంకోచోట చేసింది నిలబడిందో లేదో తెలుస్తుంది. అప్పు ఒత్తిడి బాగా ఉన్నవాళ్ళు చైన్‌కి వెళ్ళండి, ఒకే బ్రాంచి షరతుతో, ఏడాదిన్నర గడువు పెట్టుకుని. సొంత క్లినిక్ రెండేళ్ళ తర్వాత. వీటిలో ఏది ఎంచుకున్నా మొదటి జీతంలోంచి లూప్స్ (కళ్ళద్దాలకి బిగించిన భూతద్దాలు) కొనుక్కోండి, 2.5 ఎక్స్ చాలు, మీ ఎత్తుకీ మీరు కూర్చునే దూరానికీ కొలిపించి మరీ తీసుకోండి, మెడ వంచి పనిచేసే అలవాటు ఒకసారి పడితే ఇరవయ్యేళ్ళు బాధపెడుతుంది.

మీరు చేసిన పని తిరిగి రాని చోట ఉండాల్సొచ్చినా ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, పేషెంటు పేరు అక్కర్లేదు, క్లినిక్ కేసు నంబర్, పన్ను నంబర్, ఏం చేశారు, ఎక్కడ అనుమానం వచ్చింది, అంతే. పీకిన మర్నాడు, రూట్ కెనాల్ మొదలుపెట్టిన మర్నాడు క్లినిక్ నుంచి ఒక ఫోన్ చేసి ఎలా ఉందని అడగండి. ఆర్నెల్లకి ఆ అనుమానాలున్న కేసుల్లో కొన్నింటిని మీరే ఫోన్ చేసి పిలిపించి ఎక్స్‌రే తీసి చూడండి, చాలామంది సంతోషంగా వస్తారు, ఎవరో తమ పన్ను గుర్తుపెట్టుకున్నారని.

ఆ చోటు వదిలి వెళ్ళే రోజు వచ్చినప్పుడు ఆ నోట్‌బుక్ తెరిచి సగంలో ఉన్న కేసులన్నీ ఒక కాగితం మీద రాయండి. ఏ పంటికి ఏ కెనాల్ ఎంత పొడవు, లోపల ఏ మందు పెట్టారు, ఏ తారీఖు కల్లా తెరవాలి, తాత్కాలిక క్రౌన్ ఎవరికుంది. ఆ పేషెంట్లకి ఫోన్ చేసి ఇకనుంచి ఎవరు చూస్తారో పేరు చెప్పండి, మీ తర్వాత ఆ చైర్‌లోకి వచ్చే కొత్త డాక్టర్‌కి ఆ కాగితం చేతికిచ్చి, మీ ఫోన్ నంబర్ కింద రాసి వెళ్ళండి.